మూడు గుళ్ళ మహాత్మ్యం

తమ్ముడూ, ముందు నా పర్సు చూడు. డ్రైవింగ్ లైసెన్సు వెనక, పిల్లల ఫొటోకి పైన మడత పెట్టిన కాగితం ముక్క ఉంది కదా, అదే. మెల్లగా విప్పు, మడతల దగ్గర చిరుగుతోంది. మూడు చిల్లులు. మారేడు దళంలా ఒకదాన్నొకటి అంటుకుని ఉన్నాయి. నూరు గజాల నుంచి కొట్టినవి. రైఫిలు నాది, .308 వించెస్టర్. తూటాలు నా గరాజ్‌లో నా చేత్తో కూర్చినవి. బాగా ఎడంగా ఉన్న రెండు చిల్లుల నడుమ కొలిస్తే 0.4 అంగుళం.

చూసినవాళ్ళందరూ ఎలా సాధించావనే అడుగుతారు. మా ఆవిడ మాత్రం "మిగతా కాగితాలేవండీ?" అంటుంది. ఆవిడ మందుల కంపెనీలకి క్లినికల్ ట్రయల్స్ లెక్కలు చేస్తుంది. అలాంటి ప్రశ్నలు అడిగినందుకే వాళ్ళు జీతమిస్తారు. నువ్వు పట్టించుకోకు. పదకొండేళ్ళ అనుభవంతో చెబుతున్నాను, రాసుకో. అసలు రాసుకోకపోతే ఇంకా మంచిది, ఎందుకో తర్వాత చెబుతా.

మేముండేది డల్లాస్ పక్కన ఇర్వింగ్‌లో. ఈ దేశంలో తూటాలు ఇంట్లో కూర్చుకోవడం మన ఇళ్ళలో ఆవకాయ పెట్టుకోవడం లాంటిది. కొట్లో దొరక్క కాదు, కొట్టు సరుకంటే చిన్నచూపు. ఇంటికో పాళ్ళు, పక్కింటి పాళ్ళ మీద ఓ పెదవి విరుపు. గుంటూరులో ఉన్న మా బావమరిదికి ఈ గొడవ తలకెక్కదు. 1972లో వచ్చిన వన్యప్రాణి చట్టం వల్ల అక్కడ ఇప్పుడు సరదా వేటన్న మాటే లేదు, అతనికీ ఆ బాధే లేదు.

తూటాకి కావలసినవి నాలుగే సరుకులు. పేల్చాక మిగిలిన ఇత్తడి కేసుని డైలో ఒత్తి మళ్ళీ కొలతకి తెస్తాం. అడుగున కొత్త ప్రైమర్ పెడతాం, లోపల మందు పోస్తాం, మూతికి గుండు దిగ్గొడతాం. మందుని గ్రెయిన్లలో తూస్తారు. 7000 గ్రెయిన్లయితే ఒక పౌండు. మన కంసాలి వాడే గురిగింజ ఎత్తులో దాదాపు సగం ఒక గ్రెయిను. అందులో పదోవంతు కోసం అర్ధరాత్రి ఊపిరి బిగబట్టి త్రాసు వంక చూస్తూ కూర్చుంటాడు మనవాడు. అదే మనిషి పొద్దున్న కాఫీలో పంచదార కళ్ళు మూసుకుని వేసుకుంటాడు.

ఇంట్లో చెప్పేటప్పుడు "ఒక్కో తూటాకి ఇంత ఆదా" అని మొదలుపెట్టు. నేనలాగే మొదలుపెట్టాను. ఆదా కాబోయే డబ్బుతో ప్రెస్సు, డైలు, ఎలక్ట్రానిక్ త్రాసు, కేసుల మెడలు కత్తిరించే యంత్రం, ఇత్తడి కడిగే డ్రమ్ము కొన్నాను. ఇంకో ముప్ఫై ఏళ్ళు ఆరోగ్యంగా బతికితే లెక్క సరిపోతుంది. నా ప్రెస్సు మీద ఆర్‌సీబీఎస్ అన్న అక్షరాలున్నాయి చూడు, దానికో చిన్న కథ ఉంది. 1943లో కాలిఫోర్నియాలోని ఒరోవిల్‌లో ఫ్రెడ్ హంటింగ్టన్ పెట్టిన కంపెనీ అది. ఆ పేరు విప్పితే రాక్ చక్ బుల్లెట్ స్వేజ్ అని వస్తుంది. రాక్ చక్ అంటే రాళ్ళ సందుల్లో బతికే, బాగా బలిసిన ఉడత లాంటి జంతువు. యుద్ధం రోజుల్లో దాన్ని కొట్టడానికి మంచి గుళ్ళు దొరకలేదు. పేల్చి పారేసిన .22 తూటాల గుల్లల్నే పైతొడుగులుగా వాడి గుళ్ళు ఒత్తే డై తయారుచేసుకున్నాడాయన. ఏమీ దొరక్క ఆయన మొదలుపెట్టాడు. అన్నీ దొరకడం వల్ల మనం మొదలుపెట్టాం.

ఇక అసలు పనిలోకి దిగుదాం. ఒకసారికి ఒకటే మార్చి చూడమని పుస్తకాలు చెబుతాయి. అంత ఓపికున్నవాడు ఈ గరాజ్‌లో ఎందుకుంటాడు, వేదపాఠశాలలో చేరేవాడు. నువ్వు మందు మార్చు, ప్రైమర్ మార్చు, గుండు దిగే లోతు మార్చు. అన్నీ ఒకే శనివారం మార్చు. చిల్లుల గ్రూపు చిన్నదైతే వాటిలో ఏది ఖరీదైనదో ఆ ఘనత దానికి కట్టబెట్టు. పెద్దదైతే గాలి మీదకి తొయ్యి. నేనొకసారి ఆరు వారాల్లో మూడు రకాల మందు, నాలుగు రకాల గుళ్ళు మార్చాను. ఏం చేసినా చిల్లులు పేలాలు చల్లినట్టే పడ్డాయి. చివరికి రేంజ్‌లో పక్క బెంచీ మీద కూర్చున్న ముసలాయన నా స్కోపుని రెండు వేళ్ళతో పట్టుకుని కదిపాడు. అది కదిలింది. రింగు మర ఒకటి వదులై ఉంది. నేనప్పుడు ఆ స్క్రూ బిగించి, గెలుపు నాలుగో రకం గుండు ఖాతాలో రాసుకున్నాను.

మూడు గుళ్ళ సంగతి నిదానంగా వినాలి, ఈ విద్యకి మూలమంత్రమే అది. ఒక్కో పాళ్ళకి మూడంటే మూడే తూటాలు కాల్చు. నాలుగోది కాల్చావా, పని చెడినట్టే. ఎందుకంటావా? ఏ రైఫిలైనా, ఏ తూటా అయినా, అవే పాళ్ళతో అదే రోజు మూడేసి చొప్పున పదిసార్లు కాలిస్తే ఒక గ్రూపు అర అంగుళం వస్తుంది, ఇంకోటి అంగుళంన్నర వస్తుంది. మధ్యలో మారిందేమీ ఉండదు. పాచికలు వేసినట్టే అది. కాబట్టి పదిసార్లూ వెయ్యి, మంచి పందెం పడ్డ కాగితం పర్సులో పెట్టు, మిగతా తొమ్మిదీ రేంజ్ చెత్తబుట్టలో పడెయ్యి. అప్పుడు నీ రైఫిలు "అర అంగుళం రైఫిలు" అవుతుంది. అబద్ధమాడావని ఎవరూ అనలేరు, కాగితం చేతిలోనే ఉంది కదా.

ఈ ఆనందాన్ని మా ఆవిడ ఒక ఆదివారం మధ్యాహ్నం పాడుచేసింది. కాల్చే కొద్దీ గ్రూపు పెరుగుతుందే కానీ తగ్గదు, పడ్డ చిల్లు పూడదు కదా అంది. సగటున చూస్తే పది తూటాల గ్రూపు మూడు తూటాల గ్రూపు కన్నా ఒకటిన్నర రెట్లకు మించి, దాదాపు 1.6 రెట్లు ఉంటుందని కాగితం మీద వేసి చూపించింది. మూడు కాల్చి ఇది మంచి పాళ్ళు, అది చెడ్డ పాళ్ళు అని తేల్చడమంటే, ముగ్గురు రోగులకి మాత్రలిచ్చి మందు పనిచేసిందని ప్రకటించడమేనట. "మా దగ్గర అలా చేస్తే ఉద్యోగం పోతుందండీ" అంది. ఇది ఉద్యోగం కాదు, సరదా అన్నాను. ఆవిడ ఇంకేమీ అనలేదు, కాగితం మాత్రం ఫ్రిజ్ తలుపుకి అంటించింది. ఇప్పటికీ అక్కడే ఉంది.

మూడింట్లో ఒకటి దూరంగా పడితే దిగులుపడకు. దాన్ని ఫ్లయర్ అంటారు. "ట్రిగ్గర్ నేనే లాగాను, అది తూటా తప్పు కాదు" అని వెంటనే పైకి అనెయ్యాలి, పక్కవాళ్ళు వినేట్టు. అప్పుడది లెక్కలోకి రాదు. మిగిలిన రెండింటినీ కొలుచుకో. పదకొండేళ్ళలో నేను దగ్గరగా పడ్డ గుండుని పట్టుకుని "ఇది నా పొరపాటు" అన్నది ఒక్కసారి కూడా లేదు.

నిచ్చెన పరీక్ష అని ఇంకోటుంది. క్రైటన్ ఆడెట్ అనే పాతకాలపు గురికాడి పేరు మీద నడుస్తోంది. మందు కొద్దికొద్దిగా పెంచుకుంటూ ఒక్కో పాళ్ళకి ఒక్కో తూటా చొప్పున దూరపు లక్ష్యం మీద కాల్చాలి. పైకి ఎక్కుతూ పోతున్న చిల్లుల్లో రెండు మూడు ఒకే ఎత్తున పడితే, అక్కడ మందు కాస్త అటూ ఇటూ అయినా గుండు అక్కడే పడుతుందని అర్థం చెబుతారు. దాన్నే నోడ్ అంటారు. పద్ధతిలో తెలివి ఉంది, కాదనను. కానీ ఒక్కో పాళ్ళకి ఒక్క తూటా కాలిస్తే కనిపించేది నోడో, అదృష్టమో ఎవడు చెప్పాలి? మబ్బుల్లో ఆంజనేయస్వామిని చూసినట్టే, చూడాలనుకున్నవాడికి తప్పకుండా కనిపిస్తుంది. అదే పరీక్ష మర్నాడు మళ్ళీ చేస్తే నోడ్ ఇంకో మెట్టు మీద కూర్చునుంటుంది. కాబట్టి ఎప్పుడూ మళ్ళీ చెయ్యకు.

వేగం కొలిచే క్రోనోగ్రాఫు కొన్నావా, దానిక్కూడా మూడే తూటాలు. నాది మూడింటికి హెచ్చుతగ్గులు సెకనుకి నాలుగు అడుగులేనని చూపించింది, పొంగిపోయాను. ఇరవై కాలిస్తే పద్నాలుగు చూపించింది. యంత్రం చెడిపోయిందనుకుని బ్యాటరీలు మార్చాను.

ఇక్కడ ఒక్క పేరా మేర వంకర మాటలు ఆపుతాను. నీ కారు టైర్లో గాలి ఒత్తిడి చదరపు అంగుళానికి 35 పౌండ్లు అటూ ఇటూ ఉంటుంది. .308కి అనుమతించిన గరిష్ఠ ఒత్తిడి 62,000 పౌండ్లు, అది పుట్టే చోటుకి నీ కన్ను జానెడు దూరంలో ఉంటుంది. అచ్చయిన లోడ్ పుస్తకంలో ఉన్న పాళ్ళే వాడాలి, అందులో చెప్పిన కనీసంతోనే మొదలుపెట్టాలి, వాళ్ళు ఆపమన్న గీత దాటకూడదు. బెంచీ మీద ఒకసారికి ఒకే మందు డబ్బా ఉండాలి. రెండో ప్రపంచయుద్ధమయ్యాక బ్రూస్ హాడ్జ్‌డన్ సైన్యం దగ్గర మిగిలిన మందుని చవగ్గా అమ్మి వ్యాపారం మొదలుపెట్టాడు, అలా వచ్చిందే హెచ్ 4831. ఐఎంఆర్ 4831 అని ఇంకోటుంది. అంకె ఒకటే అయినా మందులు వేరు, ఒకదాని పాళ్ళు రెండోదానికి వాడకూడదు. బోల్టు ఎత్తేటప్పుడు బిగుసుకుంటే ఆ రోజుకి కాల్చడం ఆపెయ్యి, మిగిలినవి ఇంటికొచ్చి విప్పు. చలికాలంలో సరిపోయిన పాళ్ళు టెక్సస్ ఆగస్టు ఎండలో, కార్లో కాగిన తూటాలతో హద్దు దాటొచ్చు. బెంచీ దగ్గర నుంచి లేచాక చేతులు సబ్బుతో కడుక్కో, ఈ సరుకుల్లో సీసం ఉంటుంది. అయిపోయింది. మళ్ళీ నా దారికొస్తున్నా.

గుండు ఎంత లోతున దిగాలన్నది తర్వాతి పురాణం. బారెల్ లోపల మెలికలు తిరిగిన గాడులు మొదలయ్యే చోటికి గుండు ముక్కు ఎంత దగ్గరగా ఉంటే అంత మంచిదని ఎవరో చెప్పారు. అంత మంచిదైతే తాకించేస్తే ఇంకా మంచిది కదా అనుకుని తాకించాను. తూటా పొడవు పెరిగి మేగజీనులో పట్టలేదు. ఒక్కోటి వేలితో పెట్టుకుంటే ఏమైంది, జింక ఆగదా? అలాగే లానో దగ్గరి లీజుకి వెళ్ళాను. అదంతా హిల్ కంట్రీ, తెల్లతోక జింకలకి పెట్టింది పేరు. టెక్సస్‌లో భూమంతా దాదాపు ప్రైవేటువాళ్ళదే కాబట్టి వేటకి రాంచి వాళ్ళ దగ్గర లీజు తీసుకోవాలి. నవంబరు మొదటి శనివారం సీజను తెరుచుకుంటుంది. ఆ ఉదయం మంచె మీద మూడు గంటలు కూర్చున్నాను. ఏదీ రాలేదు. దిగబోయే ముందు రైఫిలు ఖాళీ చేద్దామని బోల్టు వెనక్కి లాగాను. కేసు వచ్చింది, గుండు రాలేదు. అది గాడుల్లో ఇరుక్కుని అక్కడే ఉండిపోయింది. కేసులో ఉన్న మందంతా మేగజీనులోకీ, ట్రిగ్గర్ సందుల్లోకీ, నా ఒళ్ళోకీ ఆవాలు ఒలికినట్టు ఒలికింది. ఊడ్చడానికి మధ్యాహ్నమైంది. శుభ్రం చేసే కడ్డీతో గుండుని మూతి వైపు నుంచి తట్టి తీశాక, ఊళ్ళోకి వెళ్ళి ఇరవై తూటాల కంపెనీ పెట్టె ఒకటి కొన్నాను. నికెల్ పూత పూసిన తెల్లటి కేసులు, పెళ్ళివారి వెండి కుంకుమ భరిణెల్లా మెరుస్తున్నాయి. అవమానంగా ఉంది. ఆ సీజనుకి నాలుగు వాడి, మిగతావి ఇంటికొచ్చాక నా తూటాల డబ్బాలోనే పోసేశాను.

మొదట్లో రాసుకోకపోతే మంచిదన్నానే, డబ్బాల మీద చీటీలు కూడా అంటించొద్దు. ఏ తేదీన ఏ మందు, ఏ గుండు, ఎంత లోతు అని రాసిపెట్టుకుంటే అవి పదేళ్ళ తర్వాత కూడా నీ మీద సాక్ష్యం చెబుతాయి. నాది ఒకటే పెద్ద ప్లాస్టిక్ డబ్బా, అన్నీ అందులోనే. చెయ్యి పెడితే ఏది వస్తే అది.

ఏ గుండు ఎంచుకోవాలన్నదానికి జవాబు సులువు. కాగితం మీద ఏది చిన్న చిల్లు వేస్తే అదే. కాగితానికి తోలుండదు, ఎముకలుండవు, బురద అంటదు. 1946లో జాన్ నాస్లర్ బ్రిటిష్ కొలంబియాలో బురద పట్టిన ఒక పెద్ద మూస్‌ని కొడితే, అప్పటి గుళ్ళు తోలు దగ్గరే చితికి లోపలికి దిగలేదట. ఆ విసుగులోంచే లోపల అడ్డగోడ ఉన్న పార్టిషన్ గుండు పుట్టింది. ముందు సగం విచ్చుకుంటుంది, వెనక సగం లోతుకి దూసుకుపోతుంది. సియెర్రా వాళ్ళు తమ మ్యాచ్‌కింగ్ గుండు పోటీలకే కానీ వేటకి కాదని తామే చెబుతారు. ఆ హెచ్చరిక అట్టపెట్టె మీద ఉంటుంది. మనం చదివేది లోపలి మెరుపునే కాబట్టి ఇబ్బంది లేదు.

మెడల మందం కొలవడం, ప్రైమర్లు ఒక్కొక్కటీ తూచడం, ఇత్తడిని కాల్చి మెత్తబరచడం, ఇలాంటివి ఇంకా వంద ఉన్నాయి. బంధువులొస్తున్నారని తెలిసిన సాయంత్రాలకి అవి దాచుకో.

సాధన విషయంలో నా మాట విను. ఎప్పుడూ బెంచీ మీదే. ముందు ఇసక మూటలు, వెనక ఇసక మూట, కింద బరువైన ఇనప పీఠం. రైఫిలు పెళ్ళికొడుకులా కూర్చోవాలి, నువ్వు చూపుడు వేలు తప్ప ఏదీ కదపకూడదు. సన్న బారెల్ వేడెక్కితే ఆగమంటారు. ఆగితే రేంజ్ గంట అయిపోతుంది, కాల్చెయ్యి. నిలబడి, మోకాలి మీద, చెట్టుకి ఆనుకుని కాల్చి చూడమనేవాళ్ళు నీ గ్రూపుల మీద కుళ్ళుతో అంటున్నారని గ్రహించు.

పోయిన నవంబరులో మళ్ళీ అదే మంచె ఎక్కాను. మక్కలు చల్లే ఫీడరు సరిగ్గా నూరు గజాల్లో ఉంది. ఇక్కడ జింకలకి మేత చల్లి కొట్టడం చట్టబద్ధమే. గడియారం పెట్టినట్టు, నిజంగా గడియారమే పెడతారులే, పొద్దున ఏడింటికి అది గింజలు చిమ్మింది. పెద్ద మగజింక వచ్చి పక్కకి తిరిగి నిలబడింది. దాని గుండె, ఊపిరితిత్తులు ఉండే చోటు దాదాపు ఎనిమిది అంగుళాలు, మా ఆవిడ పోసే పెసరట్టంత. నా రైఫిలు అర అంగుళం రైఫిలు. మంచె కిటికీకి ఇసక మూటల్లేవు. మడతకుర్చీ ఒక కాలు పొట్టి. గుండె గొంతులో కొట్టుకుంటోంది. మంచె గోడ సన్నటి రేకు, నా ఊపిరికే వణుకుతోంది. ట్రిగ్గర్ లాగాను.

ఫీడరు పీపాకి నడుమ చిల్లు పడింది. మక్కలు ధారగా కారడం మొదలైంది. జింక ఒక్క గెంతు గెంతి, పది నిమిషాల తర్వాత ఇంకో నాలుగింటిని వెంటపెట్టుకుని తిరిగొచ్చింది. అవి తింటుంటే చూస్తూ కూర్చున్నాను. రాంచి యజమాని పీపాకి డబ్బు తీసుకున్నాడు, మక్కలకి తీసుకోలేదు, అంత మంచివాడు. తిరిగొస్తూ దారంతా ఆలోచించాను. ఆ పాళ్ళలో గుండు అంగుళంలో ఇంకో రెండు వెయ్యో వంతులు లోపలికి దిగాల్సింది.

పర్సులో కాగితం ఆ వేటకి ముందు వేసవిలో దొరికింది. రేంజ్ మూసేసే వేళ, ఎండ కళ్ళలో పొడుస్తోంది. డబ్బాలో చెయ్యి పెట్టి చివరగా మూడు తీశాను, కాల్చాను, నడిచి వెళ్ళి చూశాను. మారేడు దళం. కాళ్ళు వణికాయి. ఆ మూడు ఖాళీ కేసుల్నీ రుమాల్లో చుట్టి తెచ్చి, గరాజ్ అలమారాలో వెంకటేశ్వరస్వామి పటం పక్కన పెట్టాను. మూడింటినీ మళ్ళీ ఎప్పుడూ నింపలేదు.

దసరాకి మా ఆవిడ ఆ పటానికి బొట్టు పెడుతూ వాటిని చేతిలోకి తీసుకుంది. అటూ ఇటూ తిప్పింది. తర్వాత బెంచీ కింద బకెట్లో ఉన్న నా ఇత్తడి కేసుల కుప్ప వంక చూసింది.

"ఏవండీ, అవన్నీ పచ్చగా ఉన్నాయి, ఇవి మూడూ ఇంత తెల్లగా ఉన్నాయేంటి?"

చింతపండు పెట్టి తోమానన్నాను.